నసీమున్నీసా ధిక్కారం కేసు

వకీలు గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశాను. కోర్టు ఉత్తర్వును లెక్కచెయ్యని మొగుళ్ళను వందల్లో చూశాను. ఎక్కువమంది మొండివాళ్ళు, తాగుబోతులు. వాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు. షబ్బీర్ తాగడు, గొంతు పెంచి మాట్లాడడు. వాడి పేరు చెబితే మాత్రం ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వాడి భార్య నసీమున్నీసా గుంటూరు మిర్చి యార్డు వెనక ఒక షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేది. ఆ పని చేసేవాళ్ళ చేతులకు పట్టిన మంట సబ్బుతో వదలదు. షెడ్డులో పనిచేసే తల్లులు ఇంటికెళ్ళాక కూడా పిల్లలకు ముద్ద కలిపి పెట్టరు, చెంచాతో పెడతారు. రెండు రోజులు పని మాని, పూటపూటకీ కొబ్బరినూనె పట్టించి, మజ్జిగతో కడిగితే గానీ పసిబిడ్డ ముఖం ముట్టుకోవడానికి లేదు.

విడాకులయ్యాక షబ్బీర్ ఐదేళ్ళ కూతురు నగ్మాను చీమకుర్తి తీసుకుపోయాడు. అక్కడ వాడు గ్రానైట్ లారీల బ్రోకరు. నెలకు రెండు ఆదివారాలు పాపను గుంటూరు తెచ్చి తల్లి దగ్గర ఒక పూట ఉంచాలని 2002లో ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఆదివారాల కోసం నసీమున్నీసా శుక్ర, శనివారాలు కూలి మానుకునేది. చేతులకు నూనె రాసుకుని గుమ్మంలో కూర్చునేది. ఏడు నెలల్లో వాడు ఒక్కసారీ రాలేదు.

మా వకీలు గారు హైదరాబాదులో, హైకోర్టులో ధిక్కారం పిటిషన్ వేశారు. షబ్బీర్‌కి నోటీసు వెళ్ళింది. వాడు జైలుకి పోతాడని నేను సంబరపడ్డాను. ఆమెకు ఆ సంబరం లేదు.

"జైలెందుకన్నా, పిల్లని తెస్తే చాలు," అంది.

"ఎప్పుడు తెచ్చినా ఇప్పుడొద్దు అనమాకమ్మా. అన్నావంటే కేసు పోద్ది," అని చెప్పాను. నా నోరు పడిపోనూ.

మార్చి నెల, మిరప సీజను మధ్య. ఒక మంగళవారం మధ్యాహ్నం షబ్బీర్ పాపను తీసుకుని నేరుగా షెడ్డుకే వచ్చాడు. వెంట స్టూడియో ఫోటోగ్రాఫరును కూడా తెచ్చుకున్నాడు. షబ్బీర్ ఒకప్పుడు ఆ యార్డులోనే లారీలకు బస్తాలెత్తిన మనిషి. ఆ గంటలో ఆమె చేతులు ఎలా ఉంటాయో వాడికి తెలియదంటే నేను నమ్మను.

నగ్మా "అమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చింది. నసీమున్నీసా లేచి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వెనక పెట్టుకుంది.

"ఆగమ్మా, దగ్గరికి రావద్దు. కళ్ళు మండుతాయి."

పాప ఆగిపోయింది.

"ఏం, ఎత్తుకోవా? అంత దూరం నుంచి తెచ్చాను గదా," అన్నాడు షబ్బీర్.

"రెండ్రోజులు ఇక్కడుండనియ్యండి. లేకపోతే ఎల్లుండి తీసుకురండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కోర్టు చూపించమంది. చూపించా."

ఫోటోగ్రాఫరు నాలుగు ఫోటోలు తీశాడు. ఉత్తర్వు ప్రకారం పాపను చూపించినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టకపోతే మళ్ళీ తీసుకురానన్నాడు షబ్బీర్. నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఆమె సంతకం పెట్టింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఇదంతా ఆ సాయంత్రం మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆమే చెప్పింది.

ఏప్రిల్‌లో హైకోర్టు జడ్జి గారు ఆ ఫోటోలు చూశారు. నాలుగింటిలోనూ పాప ఒక్కతే ముందు నిలబడి ఉంది, తల్లి చేతులు వెనక ఉన్నాయి. జడ్జి గారు పాపను ఛాంబరులోకి పిలిచి, అమ్మ ఎత్తుకుందా అని అడిగారు.

"నేను దగ్గరికెళ్తే అమ్మ వద్దంది," అని చెప్పింది నగ్మా.

పిల్ల అబద్ధం చెప్పలేదు. మా వకీలు గారు మిరపకాయల సంగతి వివరించారు. జడ్జి గారు ఓపిగ్గానే విన్నారు.

"చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు కదా?" అన్నారు.

గుంటూరులో చంటిపిల్ల కూడా అడగని ప్రశ్న అది. గుమాస్తాకి కోర్టు హాల్లో నోరు ఉండదు గనక పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. కాగితం మీద తల్లి సంతకం ఉంది గనక తండ్రి ఉత్తర్వు పాటించినట్టేనన్నారు, ధిక్కారం పిటిషన్ మూసేశారు. ఇకమీదట పాప ఇష్టపడితేనే తల్లి దగ్గరికి పంపాలని రాశారు.

బయట వరండాలో షబ్బీర్ అందరూ వినేలా, ఎంతో మెత్తగా, "అమ్మ దగ్గరికి వెళ్తావా తల్లీ?" అని అడిగాడు. నగ్మా తల అడ్డంగా ఊపి వాడి కాళ్ళను వాటేసుకుంది. నసీమున్నీసా ఈ రోజు కోసం పదిహేను రోజులుగా పనికి పోలేదు.

తిరుగు రైల్లో బీబీనగర్ దాటాక ఆమె అడిగింది.

"అన్నా, ఆ రోజు ఎత్తుకునుంటే గెలిచేవాళ్ళమా?"

"లేదమ్మా. కళ్ళు మండి పిల్ల ఏడ్చేది. ఆ ఏడుపే ఫోటో తీయించేవాడు. ఎట్లా చేసినా మనం ఓడిపోయేట్టే వచ్చాడు." ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని అలా చెప్పాను.

"ఏడిస్తే ఏడ్చేది," అంది. "నా చంకలో ఏడ్చేది."