బియ్యం సంచిలో కాయిల్

సిగరెట్ మానేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. ఆ మాట తప్పలేదు, సిగరెట్ ముట్టలేదు. దాని బదులు ఈ-సిగరెట్ పట్టుకున్నాను. ఆఫీసు పార్కింగ్‌లో, కారు అద్దం దించి, దొంగలాగా. ఇంజనీరు బుర్ర ఇలాంటి లాజిక్కులు అల్లడానికే పనికొచ్చిందని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అందులో నికోటిన్ కలిసిన ద్రవాన్ని వేడిచేసి పొగ చేసే చిన్న ముక్కను కాయిల్ అంటారు. వేలి గోరంత ఉంటుంది. లోపల సన్నటి తీగ, చుట్టూ దూది. కొన్నాళ్ళకు మసిబట్టి మాడు రుచి వస్తుంది. చాలామంది పారేసి కొత్తది వేస్తారు. నేను కడిగి వాడుకునేవాణ్ణి. మేముండే నోవై ఊళ్ళో మంచు పడే నెలల్లో షాపు దాకా డ్రైవ్ చేయాలంటే బద్ధకం, ఆ షాపు ముందు మనవాళ్ళెవరైనా చూస్తారేమోనన్న భయం. వేడినీళ్ళలో నానబెట్టి, ఆల్కహాల్‌లో ముంచి, మళ్ళీ నీళ్ళతో కడగడం ఎంతసేపు? ఆరబెట్టడమే పెద్ద తలనొప్పి. దూదిలో కాస్త తడి మిగిలినా గురగురమంటుంది, నోట్లోకి చిమ్ముతుంది. ఒక రోజంతా ఆరాల్సిందే.

ఎక్కడ ఆరబెట్టను? పాప పుట్టే ముందు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. ఆవిడ తుడవని అలమర, సర్దని సొరుగు ఇంట్లో లేవు. గరాజ్‌లో పెడితే గడ్డకడుతుంది. అప్పుడు, తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెడతారు కదా అని తట్టింది. బేస్‌మెంట్‌లో సగం వాడిన సోనామసూరి సంచి ఉంది. రెండు వారాలకోసారి అందులోంచి వంటింటి డబ్బా నింపేది నేనే, ఇంకెవరూ దాని జోలికి పోరు. శనివారం పొద్దున కాయిల్‌ను పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి బియ్యంలో పూడ్చేవాణ్ణి. ఆదివారం ఎవరూ లేవకముందే తీసుకునేవాణ్ణి. మూడు నెలలు ఇలాగే గడిచాయి.

పాపకు ఐదో నెలలో అన్నప్రాశన పెట్టుకున్నాం. ఆ ఆదివారం పొద్దున్నే పూలూ పళ్ళూ తేవడానికి పరుగెత్తాను, కాయిల్ సంగతి మరిచిపోయాను. పది గంటలకు ఇల్లంతా జనం. మా ఆవిడ ఒళ్ళో పాప, అత్తగారి చేతిలో పరమాన్నం ఉన్న వెండి గిన్నె.

"రోజూ చెయ్యి పడే డబ్బాలో బియ్యం కాదమ్మా. కింద సంచిలోంచి తెచ్చి, రెండుసార్లు ఏరి మరీ వండాను," అని ఎదురింటావిడతో గొప్పగా చెబుతున్నారు.

కిందికి పరుగెత్తాను. సంచి మూతి విప్పి ఉంది. నాప్‌కిన్ ఊడిపోయి, దాని మీద గోధుమరంగు మరక. చెయ్యి పెట్టి కెలికితే కాయిల్ ఒట్టిగా, బియ్యం మధ్యలోనే దొరికింది. ఆ ద్రవం సీసా మీద పిల్లలకు అందనివ్వవద్దని ఎర్ర అక్షరాలతో ఉంటుంది. పైకి వచ్చేసరికి అత్తగారు బంగారు ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి పాప పెదవుల దాకా తెచ్చారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి. బియ్యంలో పురుగులున్నాయి," అన్నాను.

అంతమందిలో నా నోటికి వచ్చిన మాట అదే. అత్తగారు గిన్నెలోకి చూశారు. రెండుసార్లు ఏరాననే మళ్ళీ అన్నారు, ఈసారి మెల్లగా. ఇక్కడి స్టోర్ల బియ్యం అంతేనంటూ ఎవరో ఓదార్చారు. ఆవిడే వెళ్ళి పరమాన్నం పారబోశారు. ఎదురింటివాళ్ళ బియ్యంతో మళ్ళీ వండేసరికి ముహూర్తం దాటిపోయింది. సంచిని నేనే తీసుకెళ్ళి చెత్తలో వేశాను. కాయిల్‌ను కోటు జేబులో వేసుకున్నాను, అది అక్కడే ఉండిపోయింది.

గండం గడిచిందనుకున్నాను. సోమవారం నుంచి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని, తెల్ల పళ్ళెంలో పోసుకుని, ఇంట్లో ఉన్న బియ్యం, పప్పులు అన్నీ ఏరడం మొదలుపెట్టారు. ఒక్క పురుగూ కనపడలేదు. కనపడనికొద్దీ కళ్ళజోడు తుడుచుకునేవారు. బుధవారం కూతురితో అంటుంటే విన్నాను.

"నాకు చూపు ఆనట్లేదే. ఇంక పాపకు నా చేత్తో ఏమీ పెట్టనివ్వకు."

ఆ రోజు నుంచి పాపకు ఒక్క ముద్దా పెట్టలేదు. పాప చేతులు చాచినా ఎత్తుకునేవారే తప్ప గిన్నె ముట్టేవారు కాదు. అది చూస్తూ కూడా నేను నిజం చెప్పలేదు. మా ఆవిడ కళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసింది, శుక్రవారం తీసుకెళ్ళాల్సింది నేను.

శుక్రవారం అత్తగారు స్వెటర్ వేసుకుని, నేను కారు తీసే లోపల కాస్త కందిపప్పు ఏరుతూ కూర్చున్నారు. కారు తాళాల కోసం కోటు జేబులో చెయ్యి పెడితే కాయిల్ తగిలింది. తీసి ఆ పళ్ళెంలో పెట్టాను.

"మీ కళ్ళకేం కాలేదండీ. పురుగుల్లేవు. బియ్యంలో ఉన్నది ఇది, నాదే," అన్నాను.

మొత్తం చెప్పాను. పక్కనే పాపతో ఉన్న మా ఆవిడ చివరిదాకా విని, పాపను ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. అత్తగారు ఆ ముక్కను రెండు వేళ్ళతో పైకెత్తి, వెలుతురులో చూసి, బల్ల మీద పక్కన పెట్టారు.

"నా మీదికి తోసినందుకు కాదు బాబూ నా బాధ," అన్నారు. "పాప మింగేశాక గుర్తొచ్చి ఉంటే, చెప్పేవారా?"

చెప్పేవాణ్ణనబోయి, బల్ల మీది కాయిల్ తీసి చెత్తబుట్టలో వేశాను.