చిన్నాయన మోటరుకు తల్లి పోసిన నాడు

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్‌లో మా చిన్నాయన నడిపే మోటరుకు ఒకసారి తల్లి పోసింది.

నవ్వకండి. నిజాం రాజ్యం నడుస్తున్న రోజులవి. మోటరంటే ఇప్పటి కారు కాదు... ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్కలతో కొట్టిన తొట్టి, అంతే. అది ఒక సేటుది. కంగ్టి దిక్కు నుంచి పత్తి తెచ్చి బీదర్‌లో దించడం చిన్నాయన పని. అది ఊళ్లోకి వస్తుంటే దుమ్ము, పెట్రోలు వాసన, వెనకాల గాలిలో తేలే పత్తి పింజలు... పిల్లలకు అదే జాతర.

ఆ చైత్రంలో మోటరుకు ఒళ్లు కాగడం మొదలైంది. రెండు కోసులు పోగానే ముందున్న టాంకీలో నీళ్లు తెర్లేవి, బుస్సున ఆవిరి లేచేది. చిన్నాయన రోజూ వెతికేవాడు. నీళ్లు నిండుగానే ఉన్నాయి. కింద చుక్క కారడం లేదు. రబ్బరు గొట్టం పగల్లేదు. పంకా తిప్పే పట్టా బిగువుగానే ఉంది. అయినా కాగేది.

ఒకరోజు మా బాపమ్మ, అంటే చిన్నాయనను కన్నతల్లి, బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. వేడికి రంగు లేచి బొబ్బలు బొబ్బలుగా ఉంది. ఒళ్లు కాగుతోంది, బొబ్బలు లేచాయి... ఇంకేం కావాలి? మశూచి వస్తే మా దగ్గర తల్లి పోసింది అనేవారు. బాపమ్మ అదే తేల్చేసింది. బోరంచ నల్లపోచమ్మ గుడి ముందు నుంచి పోతూ పోతూ కొడుకు ఒక్కనాడూ ఆగి దండం పెట్టలేదట, అందుకేనట.

ఆమె మాటంటే మా ఇంట్లో రాతి మీద గీత. పసుపు నీళ్లు చల్లి, పూతతో ఉన్న వేపమండలు తెచ్చి మోటరు ముఖానికి దట్టంగా కట్టింది. వాడిపోయినా తీయకూడదు, వాటి మీదే కొత్తవి కట్టాలి. వారం తిరిగేసరికి మోటరు ముఖమే కనబడకుండా పోయింది. జ్వరం మాత్రం ఇంకా పెరిగింది. తల్లి శాంతించలేదని బాపమ్మ మరో నాలుగు మండలు కట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మకు నొప్పులొచ్చాయి. పొద్దు బారెడెక్కినా కాన్పు కాలేదు. బిడ్డ అడ్డం తిరిగింది, బీదర్ దవాఖానకు జల్దీ తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. నాయన ఊళ్లో లేడు. తొట్టిలో జొన్నచొప్ప పరిచి, గొంగడి వేసి అమ్మను పడుకోబెట్టారు. బాపమ్మ తల దగ్గర, నేను కాళ్ల దగ్గర. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ... ఎంత అందమైన పొద్దో అది. అమ్మ మూలుగుతోంది, నేనేమో వెనక్కి వెళ్లిపోతున్న తుమ్మచెట్లను, ఆకాశంలో కదలకుండా నిలిచిన గద్దను చూస్తూ ఎక్కడో తేలిపోతున్నాను. ఆ దారి అట్లా అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

మంజీర నది ఇంకా రాకముందే మోటరు ఆగిపోయింది. తెల్లటి ఆవిరి మమ్మల్ని కమ్మేసింది. అందులోంచి వేపపూత రాలుతోంది... అమ్మ పాదం పట్టుకుంటే చల్లగా తగిలింది. అప్పుడు నాకు భయం వేసింది.

చిన్నాయన పక్క చేనులోని బావి నుంచి నీళ్లు తెచ్చాడు. ఇంజను కాస్త చల్లబడ్డాక నీళ్లు పోసి, హ్యాండిలు తిప్పి స్టార్టు చేశాడు. ఇంజను కుదురుకునేదాకా ముందర నిలబడి బీడీ ముట్టించాడు. వదిలిన పొగ మోటరు లోపలికి పోలేదు. మెల్లగా పైకి లేచిపోయింది. మళ్లీ వదిలాడు... మళ్లీ అంతే. లోపల పంకా గిర్రున తిరుగుతోంది కానీ గాలి లాగడం లేదు.

ఆయనకు సంగతి అర్థమైంది. కానీ అవి దేవత పేరు మీద కట్టిన మండలు, కట్టింది కన్నతల్లి. ఆమెకు ఎదురు చెప్పడం ఆయన పుట్టి ఎరగడు. తొట్టి దగ్గరికొచ్చి తల వంచుకుని అడిగాడు.

"అవ్వా... తల్లి వోసినోళ్లకు ఏపమండలు మొకం మీద కప్పుతమా, గాలి విసురుతమా?"

బాపమ్మ అమ్మ ముఖం చూసింది.

"విసురుతం బిడ్డా" అంది.

కిందికి దిగి, కొంగు నడుముకు చెక్కి, తన చేత్తోనే ముడులన్నీ విప్పింది. తీరా చూస్తే వేప కింద, టాంకీకి గాలి తగిలే జాలీ సందుల నిండా పత్తి. పింజలు, దుమ్ము, మేం చల్లిన పసుపు నీళ్లు కలిసి గోడకు మెత్తినట్టు గట్టిపడ్డాయి. పత్తి వల్ల వచ్చిన జబ్బు, పైన మా వైద్యం. ఇంజను ఆపి తుమ్మముళ్లతో ముగ్గురం గీకాం. సందులు సన్నవి, నా వేళ్లే బాగా పట్టాయి. మళ్లీ స్టార్టు చేసి చిన్నాయన పొగ వదిలితే సర్రున లోపలికి పోయింది.

బీదర్ దాకా మోటరు ఇంకెక్కడా ఆగలేదు. పొద్దుగూకే వేళకు తమ్ముడు పుట్టాడు. అమ్మా దక్కింది.

బాపమ్మ ఈ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ తానే చెప్పేది... "నేనే కట్టిన, నేనే ఇప్పిన. జరంతైతే కోడల్ని సంపుకుంటుంటి" అని. పోచమ్మకు మొక్కడమూ మానలేదు, తన తప్పు చెప్పడమూ మానలేదు. అంత పట్టుదల మనిషి, నడిదారిలో, కొడుకు అడిగిన ఒక్క మాటకు దిగివచ్చింది.

ఇప్పుడు ఇంజను కాగితే ఎర్రదీపం వెలిగి కారే చెప్పేస్తుంది. మనుషులకే అట్లాంటిదేమీ లేదు... ఆ తమ్ముడితోనే, చేను గట్టు దగ్గర వచ్చిన మాటపట్టింపుతో నేను ఆరేళ్లు మాట్లాడలేదు. తప్పు నాదే. చెబుదామంటే వాడు పోయి రెండేళ్లయింది.

మీ ఇంట్లో "తప్పు నాదే" అన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ముచ్చట కింద రాయండి... మాట్లాడాల్సిన తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం, ముందు వాళ్లకు ఫోన్ చేసి రండి.