సాయంత్రం ఫోను మానేశాక

మా అన్నకు చిత్తూరులో అంగడి, నాకు తిరుపతిలో. రెండింట్లోనూ ఒకటే సరుకు: బోరు మోటార్లు, పైపులు, కేబుళ్లు, డ్రిప్పు సామాను. నాయన పోయాక చిత్తూరు అంగట్లో అన్న కూర్చున్నాడు. నాకు పెళ్లయ్యాక తిరుపతిలో ఇంకొకటి పెట్టించి నన్ను కూర్చోబెట్టాడు. చెప్పుకోవడానికి రెండు అంగళ్లే గానీ వ్యాపారం ఒకటే. ఆయన దగ్గర లేని మోటారు నా దగ్గర ఉంటే బస్సులో వేసి పంపేవాణ్ణి. నా దగ్గర లేనిది ఆయన పంపేవాడు.

దానికోసం రోజూ సాయంత్రం ఫోను. ఎప్పుడూ అన్నే చేసేవాడు. ఏ సైజు పైపు ఎంత ఉంది, ఏది అయిపోయింది, రేపటి బస్సుకు ఏది వేయాలి, ఇట్లా మొదలయ్యేది. కాసేపటికి ఆయన మోకాలి నొప్పి, వదిన చేసిన పులుసు, మామిడి పూత రాలిపోయిందని అంగట్లో కూర్చుని ఎవరో రైతు పెట్టిన గోడు, అన్నీ వచ్చేవి. నా మాటలో ఏ కాస్త తేడా ఉన్నా పట్టేసేవాడు.

"ఏమిరా, గొంతు అట్లుండాది? ఇంట్లో గొడవ పడినావా?" అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. పైపుల లెక్క అడగడానికి చేసిన ఫోనులో నా కాపురం సంగతి ఎందుకని విసుక్కునేవాణ్ణి. ఆయన నవ్వి, "సరే పెట్టెయ్ రా, తిని పండుకో" అనేవాడు.

ఇంత మాట్లాడుకున్నా లెక్కలు మాత్రం తప్పుతూనే ఉండేవి. నా దగ్గర ఉందని అన్న ఎవరికో మాటిచ్చిన మోటారును నేను పొద్దున్నే అమ్మేసి ఉండేవాణ్ణి. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే సరుకుకు ఆర్డరు పెట్టి గోడౌను నింపుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒక ఎండాకాలం, చెరకు ఎండిపోతున్న రైతు ఒకాయన అన్న మాట మీద చిత్తూరు నుంచి నా దగ్గరికి వచ్చాడు. మోటారు లేదని చెబితే అంగడి మెట్ల మీద కూలబడిపోయాడు. ఆయన ముఖం చూడలేక లోపలికి వెళ్లిపోయాను. ఆ ఏడాదే పెద్ద వానలకు అంగట్లోకి నీళ్లొచ్చి కంప్యూటరు పాడైంది. బిల్లులూ, ఎవరికి ఏ మోటారు ఎప్పుడిచ్చామన్న గ్యారంటీ వివరాలూ దాంతోపాటే పోయాయి.

మా ఆడిటరు దగ్గర పనిచేసే అమ్మాయి అప్పుడు క్లౌడు గురించి చెప్పింది. లెక్కలన్నీ మన అంగట్లో కాకుండా వేరే చోట పెద్ద కంప్యూటర్లలో ఉంటాయట. మన కంప్యూటరు నీళ్లలో మునిగినా వాటికేమీ కాదట. ఫోను చేతిలో ఉంటే ఎక్కడున్నా చూసుకోవచ్చు, రాసుకోవచ్చు. వాడుకున్నంత వరకే నెలనెలా కొంచెం కట్టుకుంటే సరిపోతుంది. నేనే చిత్తూరుకు వెళ్లి అన్నకు ఇదంతా వివరించాను.

ఆయన నవ్వాడు. "లెక్కలు తీసుకపొయ్యి మబ్బులో పెడతావా? మన చిత్తూరు మబ్బును నమ్ముకొని బాగుపడినోడు యాడుండాడురా?"

నవ్వితే నవ్వాడు గానీ, నాకన్నా ముందు నేర్చుకున్నది ఆయనే. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాలేదు. చిత్తూరులో మోటారు అమ్మితే ఆ నిమిషంలోనే నా ఫోనులో ఒకటి తగ్గేది. మెట్ల మీద కూలబడే రైతులు లేరు. గ్యారంటీ కోసం వచ్చినవాళ్ల వివరాలు వాళ్లు కుర్చీలో కూర్చునే లోపల దొరికేవి. బంధువుల పెళ్లికి పోయి భోజనాల బంతిలో కూర్చుని కూడా అంగడి చూసుకున్నాను. వడమాలపేటలో మూడో అంగడి పెట్టాలన్న ధైర్యం మాకు వచ్చింది అందువల్లే. అక్కడ కూర్చునే మనిషి చేతికి ఒక ఫోను ఇస్తే చాలు, మిగతాదంతా సిద్ధంగా ఉంది. మా బోటి చిన్న వ్యాపారులు ఎవరైనా ఇప్పుడు అడిగినా పెట్టుకోమనే చెబుతాను.

సాయంత్రం ఫోను మానేయాలని ఎవరమూ అనుకోలేదు. అడగడానికి ఏమీ లేకపోయేసరికి దానంతటదే పలచబడింది. మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత ఏదైనా పనిపడితే. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉండింది.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. దీక్షలో ఉండగా దగ్గరివాళ్లు పోతే మాల మధ్యలోనే తీసేయాలి. అందుకని మా ఇళ్లలో మాల వేసుకున్నవాడి చెవిన చెడ్డ కబురు పడనివ్వరు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా అతను శబరిమల కొండకు వెళ్లి వచ్చేదాకా దాస్తారు. ఇది ఎవరో కూర్చోబెట్టి చెప్పేది కాదు, పుట్టినప్పటి నుంచి చూసి నేర్చుకునేదే.

రోజూ తెల్లవారుజామున పూజ ముగించి ఫోను తెరిచేవాణ్ణి. చిత్తూరు లెక్కలు అప్పటికే పెట్టి ఉండేవి. అమ్మినవి, ఉన్నవి, బస్సులో వేసినవి, అన్నీ వరసగా ఉండేవి. అన్న అంగట్లో ఉన్నాడు, పని జరుగుతోంది అనుకుని నా పనిలో పడిపోయేవాణ్ణి. మధ్యలో ఫోను చేస్తే ఎత్తలేదు. "అంగట్లో జనం సామీ, మల్లా మాట్లాడతా" అని మెసేజి పెట్టాడు. మాల వేసుకున్నవాడిని అన్నైనా సామీ అనే పిలవాలి. ఆ పిలుపు చూసి నవ్వుకున్నానే తప్ప మళ్లీ చేయలేదు.

ఇరుముడి కట్టే రోజు వదిన ఒక్కతే వచ్చింది. సరుకు లారీ వస్తోందని అన్న ఆగిపోయాడని చెప్పింది. నా ఇరుముడిలో బియ్యం వేస్తుంటే సగం గింజలు కింద పడ్డాయి. కళ్లనిండా నీళ్లు. ఇరుముడి కట్టేటప్పుడు ఆడవాళ్లు ఏడవడం మామూలే గనక, శరణుఘోష చెబుతూ తల మీదికి ఎత్తుకుని బయల్దేరాను.

తిరిగి వచ్చి మాల తీసిన రోజు, ప్రసాదం తెచ్చిస్తానని అన్నకు ఫోను చేశాను. వదిన ఎత్తింది.

"మాల తీసేసినావా అప్పా?" అని అడిగింది. తీశానన్నాను. అప్పుడు చెప్పింది. "మేము వేలూరులో ఉండాము. ఆస్పత్రిలో. నువ్వు దీక్షలో పడిన వారం నుంచి ఈడే ఉండాము."

వేలూరుకు ఎట్లా వెళ్లానో నాకు సరిగ్గా గుర్తు లేదు. అన్నకు కడుపులో గడ్డ. అప్పటికే ముదిరిపోయింది. చిత్తూరు అంగట్లో మా పాత గుమాస్తా బిల్లుల ఫోటోలు తీసి పంపితే, అన్న మంచం మీద నుంచి లెక్కలు పెట్టాడు. ఎక్కడి నుంచైనా పెట్టుకోవచ్చు. పెట్టిన చోటు ఏదో చూసేవాడికి తెలియదు. అదే కదా దాని గొప్ప.

అంత మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు ఉన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వార్డులో అందరూ వినేట్టుగానే అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"చెప్పుంటే మాల తీసేసి పరిగెత్తుకొని వచ్చేవాడివి."

"వచ్చేవాణ్ణే. రాకూడదా?"

"అందుకే చెప్పలే. నా మూలంగా నీ దీక్ష యాల పాడు కావల్ల?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పాత మాదిరి సాయంత్రం ఫోనులయితే దొరికిపొయ్యేవాణ్ణి రా. గొంతు దాచేది యాడన్నా అయితాదా? ఇదైతే గొంతుతో పనే లేదు. నువ్వు పెట్టించింది చాలా మంచి ఏర్పాటు."

ఎగతాళి కాదు. నన్ను నిజంగానే మెచ్చుకున్నాడు. మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాను. వదిన గోడ వైపు తిరిగి నిలబడింది.

కాసేపటికి అన్న అడిగాడు. "దర్శనం బాగా అయ్యిందా?"

"అయ్యింది."

"స్వామి ముందర ఏం మొక్కుకొన్నావు?"

నీ కోసమే మొక్కుకున్నానని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ చూపు ముందు నేను అబద్ధం నిలబెట్టుకోలేను.

"మూడో అంగడి బాగా నడవల్లని."

అన్న తల ఊపాడు. "మంచిదే అడిగినావు" అని కళ్లు మూసుకున్నాడు.

మాఘం రాకముందే పోయాడు.

కొండ మీద అంత తోపులాటలో, వెనకవాళ్లు నెడుతుంటే, నాకు స్వామి ఎదుట నిలబడే వీలు దొరికింది రెప్పపాటు సేపే. ఆ రెప్పపాటులో అన్న పేరు నా మనసులోకి రాలేదు. రావడానికి కారణమేమీ లేదు. ఆ పొద్దున కూడా చిత్తూరు లెక్కలు సరిగ్గా ఉన్నాయి. ఒక్కమాట తెలిసి ఉంటే ఏం అడిగేవాణ్ణో, అడిగితే ఏమయ్యేదో నాకు తెలియదు. అడిగేవాణ్ణి, అంతే. కొండ మీద అన్న ప్రాణం కోసం అడగవలసినవాణ్ణి నేనే, నాకే తెలియనివ్వలేదు.

వడమాలపేట అంగడి బాగా నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా అక్కడికే వస్తున్నారు. దేవుడు నేను అడిగింది ఇచ్చాడు.