నడుముకు తాళాలగుత్తి

పిల్లల మూర్ఛ వ్యాధి మీద నేను రాసిన వ్యాసాలను ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో లెక్కచెప్పే పేజీ ఒకటి ఇంటర్నెట్లో ఉంది. పొద్దున పాలప్యాకెట్ కంటే ముందు దాన్ని తెరవడం నా అలవాటు. నన్ను అందరికంటే ఎక్కువసార్లు పేర్కొన్నవాణ్ణి నేనే. స్వయంకృషి అంటే ఇదే కాబోలని మా ఇంటామె అంటుంది.

వాటిలో నాకిష్టమైనది తాళాల వ్యాసం. మహబూబ్‌నగర్‌లో పిల్లల నరాల డాక్టరుగా ఉన్నప్పుడు, ఫిట్స్ వచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చిన ప్రతి తల్లినీ అడిగేవాణ్ణి, మొట్టమొదట ఏం చేశావమ్మా అని. చేతిలో ఇనుము పెట్టిన అనేవాళ్లు. బీరువా తాళంచెవో బండి తాళంచెవో. ఒకామె ట్రాక్టరుదే పెట్టింది. ఇనుముతో ఫిట్స్ ఆగవని, తాళాలు వెతికే హడావిడిలో దవాఖానకు రావడం ఆలస్యమవుతుందని నా సారాంశం. పత్రికవాళ్లు కీవర్డ్స్ అడిగితే, ఇంతకంటే కీలకమైన మాటలు ఎవరి దగ్గరున్నాయని మురిసిపోయాను. అచ్చయ్యాక ఆ వ్యాసానికి ఎవరూ తాళం తీయలేదు.

కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరుల ఇంటి తల్లి మాత్రం, “మా దొడ్డికి తడికెనే గద సారు, తాళమెక్కడిది? పక్కింటోళ్లది తెచ్చిన,” అంది. తాళంచెవి దవాఖానదాకా వచ్చేయడంతో పాపం ఆ పక్కింటివాళ్లు అప్పుడు తమ గడప బయటే కూర్చున్నారట.

ఆమె కూతురు ఆరో తరగతి. రాష్ట్రం వచ్చాక జడ్చర్ల దగ్గర పెట్టిన గురుకుల హాస్టల్లో చదువుతోంది. మందులతో కుదురుకుంటున్న సమయంలో ఒకరోజు అన్నం దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయింది. వార్డెన్ భయపడి ఇంటికి తీసుకుపొమ్మంది. మేత అయిపోతే ఆలుమగలిద్దరూ మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోవాలి. హాస్టల్ ఉంచుకోకపోతే పిల్లా మంద వెంటే. చదువు అక్కడితో సరి.

హాస్టల్లో ఉండవచ్చని చీటీ రాసిచ్చాను. చీటీలు అందరూ రాస్తారు, అచ్చులో ఉన్నదేమన్నా ఉంటే చూపించమని వార్డెన్ తిప్పి పంపింది. ఆ మాట వినగానే ఫికర్ పడాల్సింది పోయి సంబరపడ్డాను. అంతవరకు నా అచ్చులు అడిగింది ప్రమోషన్ కమిటీ ఒక్కటే. ఆదివారం తాళాల వ్యాసం పట్టుకొని నేనే పోయాను.

వార్డెన్ ఇంగ్లిషు టీచరు కూడా. ఎర్రపెన్ను తీసుకొని పట్టికలతో సహా చదివింది. ఎదురుగా నేను చేతులు కట్టుకొని కూర్చున్నాను.

“తల్లులు ఏం తప్పు చేసిన్రో మంచిగ రాసిన్రు సార్. మేం ఏం చెయ్యాలెనో మాత్రం యాడా లేదు.”

నిజంగానే లేదు. నోటితో చెప్పాను: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అదిమి పట్టకూడదు, గడియారం చూసుకుంటూ ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలి. వ్యాసం వెనకవైపు తెల్లకాగితం మీద ఆమె అవన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసుకుంది. పిల్లను ఉంచుకుంటానని మాత్రం అనలేదు. ఆ పిల్ల ఉంటే పని మానేస్తానంటున్న వంటామెను ముందు ఒప్పించాలంది.

కొన్నాళ్లకు నది ఒడ్డు నుంచి తల్లి ఫోన్ చేసింది. ముందు గొర్రెల క్షేమం చెప్పి, తర్వాత బిడ్డ హాస్టల్లోనే ఉందని చెప్పింది.

షాద్‌నగర్‌లో పెళ్లికి పోయి వస్తూ హాస్టల్ దగ్గర ఆగాను. వంటింటి గోడకు నా వ్యాసం మైదాపిండితో అంటించి ఉంది. తెలుగు రాత బయటికి, నా పేరు గోడకు. మధ్యలో ఒకసారి ఫిట్స్ వస్తే వంటామె అది చూసుకుంటూనే పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టిందట. కాసేపటికి పిల్ల లేచి ఉప్మా తిన్నదట.

అంతలో పిల్ల గలగలమంటూ వచ్చింది. నడుముకు తాళాలగుత్తి. నేను వార్డెన్ వైపు చూశాను.

“చేతుల పెడ్తలేం సార్. దగ్గర ఇనుము లేకుంటె వంటామె ఉండనన్నది. అందుకే స్టోర్ తాళాలు నడుముకే కట్టినం. తాళాలు దేవులాడుకుంట టైం పోతదని మీరే రాసిన్రు గద. గిప్పుడు దేవులాడే పనే లేదు.”

నా వ్యాసాన్ని ఒకరు నా ఎదుటే పేర్కొనడం అదే మొదటిసారి. అపార్థం చేసుకున్నారందామా అంటే, రాసింది అదే. గుత్తి అడిగి చూసి, మొన తేలిన రెండు తాళంచెవులు తీసేయించాను. తక్కినవాటికి అభ్యంతరం చెప్పలేదు.

తాళాలతోపాటు స్టోర్ పెత్తనం కూడా పిల్లదే అయింది. ఉల్లిగడ్డ కావాలన్నా వంటామె ఆమెనే అడగాలి. నాకు చాయ్ పెడదామని వంటామె చక్కెర అడిగింది.

“ఎవలికి?”

“డాక్టర్ సారుకు బిడ్డా.”

పిల్ల నా పొట్టను ఒకసారి పరీక్షగా చూసింది. “జర తక్కువెయ్యి పెద్దమ్మా,” అని తాళం తీసింది.

చాయ్ బాగానే ఉంది.