నూర్జాన్ మూడు వందల గంటలు

మా కోట ఊళ్ళో జనానికి ఒక సంగతి అర్థం కాకపోతే ముందు నవ్వుతారు, ఆ తర్వాత సలహా ఇస్తారు. నూర్జాన్ హార్టికల్చరల్ థెరపీ అనే, తోటపనితో మనసు జబ్బులు బాగుచేసే చదువు చదువుతోందని తెలిసినప్పుడూ అదే జరిగింది. "మొక్కకు జబ్బు చేస్తే మనిషి మందు కొడతాడు గానీ, మనిషికి జబ్బు చేస్తే మొక్క ఏం జేస్తాది?" అని టీ అంగట్లో ఒక పెద్దమనిషి అడిగాడు. నూర్జాన్ అక్కడే పాలు పోయించుకుంటోంది. ఆమెకు కోపం రాలేదు. ఆ రోజుల్లో ఆమెకు కోపమే కాదు, ఏదీ రావడం లేదు.

ఆమె తండ్రి సిలార్ వాకాడు రోడ్డు మీద చిన్న నర్సరీ నడిపేవాడు. మల్లె అంట్లు, కనకాంబరం నారు, వంగ నారు. నూర్జాన్ ఇంటర్ దాకా చదివింది గానీ అసలు చదువు ఆ ఇసుకలోనే నేర్చుకుంది. షాహుల్ అనే టైలర్‌ను పెళ్ళి చేసుకుంది. ముంతాజ్ అని ఒక కూతురు. రెండేళ్ళ కిందట, బక్రీదు బట్టల హడావుడిలో, షాహుల్ మిషను మీదే తల వాల్చేశాడు. నూర్జాన్ కత్తెర తీసి పక్కన పెట్టి, వచ్చినవాళ్ళకు చాపలు పరిచింది. బంధువులు తలా ఒక మాట అన్నారు. ఏడవమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది అన్నారు. ఏడుపు రాలేదు. రెండో రోజూ రాలేదు. భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కదలకూడని ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ గోడకు ఆనుకుని కూర్చుంది, అప్పుడూ రాలేదు. రాతిగుండె అని కొందరు తేల్చేశారు. లోకానికి తేల్చేయడం ఎంత తేలికో.

ఇద్దత్ గడిచాక సముద్రం వైపు ఉన్న మానసిక రోగుల ఆశ్రమంలో ఆయాగా చేరింది. సవక తోటల మధ్య రెండు షెడ్లు, ముందు ఇసుక దిబ్బ. అక్కడి కౌన్సిలర్ సుధాకర్ ఒకరోజు ఆమె ఖాళీ నూనె డబ్బాల్లో బంతి నారు పోయడం చూశాడు. పక్కన ఇద్దరు రోగులు కూర్చుని మట్టి పిసుకుతున్నారు. అంతకుముందు ఆ ఇద్దరూ ఒక చోట పది నిమిషాలు కూర్చున్నది లేదు. బెంగళూరులో ఒక సంస్థ ఈ పనికి సర్టిఫికెట్ ఇస్తుందని, పాఠాలు ఫోన్లోనే వినవచ్చని ఆయనే చెప్పాడు. పాఠాలయ్యాక మూడు వందల గంటలు రోగులతో తోటలో పనిచేయాలి. ప్రతి గంటా పుస్తకంలో రాసి సుధాకర్ చేత సంతకం పెట్టించాలి. చివరి పన్నెండు వారాలు ఒకే మనిషి మీద నివేదిక రాయాలి. అన్నిటికీ మించి ఆశ్రమం నడిపే ట్రస్టువాళ్ళు ఒక మాట తేల్చి చెప్పారు. సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకపోతే జూన్ నుంచి తోట ఉండదు, ఆ చోట అంబులెన్సుకు షెడ్డు వేస్తాం అని.

అప్పటికి తోటకు వచ్చేవాళ్ళు పదకొండు మంది. నూర్జాన్‌కు పొద్దున్నే లేవడానికి ఉన్న కారణం కూడా ఆ తోట ఒక్కటే.

నివేదికకు ఆమె మునెయ్యను ఎంచుకుంది. పులికాటు పక్క పల్లెకు చెందిన జాలరి, యాభై దాటినవాడు. పడవ తిరగబడి కళ్ళ ముందే తమ్ముడు పోయాక మాట పడిపోయింది. ఎనిమిది నెలలుగా ఎవరితోనూ ఒక్క ముక్క లేదు. తోటలోకి తీసుకువస్తే వచ్చేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. చేతిలో గింజలు పెడితే పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఒకటో వారం, మార్పు లేదు. రెండో వారం, మార్పు లేదు. ఏడో వారం దాకా ఆమె పుస్తకంలో అదే మాట రాసుకుంటూ పోయింది. రాస్తున్నప్పుడు బాధ కలగలేదు. ఇద్దరూ ఒకే గట్టు మీద చెరో వైపు కూర్చునేవారు, అంతే.

ఆ ఇసుక నేలలో నీళ్ళకు దొరువే ఆధారం. దొరువంటే మనిషి లోతు గుంట. వాన నీళ్ళు ఇసుకలోకి దిగి తియ్యగా పైన నిలుస్తాయి, వాటి అడుగున సముద్రపు ఉప్పు నీళ్ళు ఉంటాయి. పైపైన ముంచుకున్నంత కాలం బతుకు. ఆశకు పోయి లోతు చేస్తే ఉప్పు పైకి వస్తుంది. అందుకే సిలార్ కూతురికి రెండు మాటలు నేర్పాడు. మోకాలి లోతు నీళ్ళు కనబడితే పార ఆపాలి. రోజూ మొదటి కడవ ముంచే ముందు ఒక పుడిసెడు నోట్లో పోసుకుని చూడాలి.

ఏప్రిల్ మొదట్లోనే నీళ్ళు తగ్గాయి. మే మొదట్లో వీడియోలో తోట చూస్తామని బెంగళూరు వాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. మళ్ళు పచ్చగా కనబడాలి. నూర్జాన్ మనుషులను పెట్టి దొరువును ఇంకో రెండు మూరలు తవ్వించింది. తెలియక కాదు, తెలిసే చేయించింది. దొరువు గట్టున పుట్టి పెరిగిన మనిషి చేయకూడని పని అది. పైగా ఆ తర్వాత కూడా పొద్దున్నే పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుంటూనే ఉంది, బాగానే ఉన్నాయనుకుని కడవలు ముంచుతూనే ఉంది. వారం తిరిగేసరికి బెండ ఆకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో రెండు కడవలు ఎక్కువ పోసింది.

తొమ్మిదో వారం, మంగళవారం. మునెయ్య చేతికి చెంబు ఇచ్చి, మడిలో పోయమని ఎప్పటిలాగే చెప్పింది. అతను చెంబు వంక చూశాడు. ఎత్తి ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఉప్పు," అన్నాడు.

నూర్జాన్ అతని వైపు తిరిగింది.

"ఉప్పునీళ్ళు పోస్తావుండావు మే. చచ్చిపోతాయి అయ్యి."

ఆమె చెంబు అందుకుని తాగింది. ఏమీ తెలియలేదు. ఇంకో గుక్క పుక్కిలించింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సుధాకర్‌ను పిలిచి తాగమంది. ఆయన మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. అప్పుడు నూర్జాన్‌కు ఇంట్లో సంగతి తట్టింది. "అమ్మా, కూరలో ఉప్పు రెండుసార్లు ఏసినావా?" అని ముంతాజ్ ఎన్ని రోజులుగా అంటోంది! పిల్ల వంకలు పెడుతోందనుకుంది. తన నాలుకకు రుచి పోయి ఎంతకాలమైందో ఆమె చెప్పలేకపోయింది. షాహుల్‌తోపాటే పోయి ఉంటుంది. భయపడాల్సిన చోట ఆమెకు భయం కూడా సరిగ్గా రాలేదు. ఒళ్ళంతా మొద్దుబారి ఉందని మాత్రం తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే మునెయ్య గంప ఎత్తుకుని దొరువు అడుగును ఇసుకతో పూడ్చడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. ఈ గంప పట్టు, ఆ పార అందుకో అని ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు. బెండ అంతా పోయింది, వంగ సగం పోయింది. తోటకూర మాత్రం నిలిచింది.

ఇక నివేదిక. సుధాకర్ మంచివాడు, తోట నిలవాలని ఆయనకూ ఉంది.

"నూర్జాన్ గారూ, నీళ్ళు పోసేటప్పుడు మాట వచ్చిందని రాయండి. అది అబద్ధం కాదు గదా. దొరువు సంగతి ఎందుకు?"

"దొరువు సంగతి లేకుండా ఆయన మాటెట్ట వచ్చింది సార్?"

"మొక్కలు చంపుకున్నామని మనమే రాసిస్తే సర్టిఫికెట్ ఇస్తారా?"

"ఇయ్యకపోవచ్చు. ఆయన నా తప్పు పట్టుకుంటా నోరు తెరిచినాడు. దాన్ని నా గొప్ప కింద రాసుకుంటే ఆయన మాట దొంగిలించినట్టే గదా సార్."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కినాక కడగక తప్పదు. రెండు మూరలు తవ్వించింది రాసింది. ఆకులు మాడినా తెలుసుకోలేదని రాసింది. రోగికి తెలిసిన ఉప్పు తన నాలుకకు తెలియలేదని కూడా రాసింది. వీడియోలో పరీక్ష పెట్టిన బెంగళూరు మేడమ్ అంతా విని, "మీ రుచి ఎప్పుడు పోయింది?" అని అడిగింది. తెలియదని చెప్పింది నూర్జాన్.

మే చివర్లో ఉత్తరం వచ్చింది. నివేదికను ఆమోదించారు. మూడు వందల గంటలూ లెక్కలోకి తీసుకున్నారు. సర్టిఫికెట్ మాత్రం ఆపారు. అభ్యర్థి ఇరవై గంటలు రోగి స్థానంలో కూర్చోవాలని, అది పూర్తయ్యాకే ఇస్తామని రాశారు. ట్రస్టువాళ్ళు గొణిగి గొణిగి జూలై దాకా ఆగుతామన్నారు.

జూన్ మొదటి సోమవారం తోటకూర మడి పక్కన రెండు స్టూళ్ళు వేశారు. ఎప్పుడూ నూర్జాన్ కూర్చునే స్టూలు మీద సుధాకర్ కూర్చున్నాడు. ఒళ్ళో కొత్త రోగులకు నింపే ఫారం. ఆ ఫారాన్ని నూర్జాన్ పదకొండు మందికి నింపింది. ప్రశ్నలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అందుకే అదొక తంతులే అనుకుని కూర్చుంది.

"పేరు?" అన్నాడు సుధాకర్.

ఆమెకు కొంచెం నవ్వులాటగా అనిపించింది. "నూర్జాన్."

"వయసు?"

"నలభై ఒకటి."

"మీ ఇబ్బంది ఏమిటి?"

చూడబోతే చిన్న ప్రశ్న. ఆమె ఎంతమందిని అడిగిందో. ఒకామె నిద్ర పట్టదంది, ఒకాయన చెవిలో ఎవరో మాట్లాడుతున్నారన్నాడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు గబగబా రాసుకుని కింది గడిలోకి పోయేది. ఇప్పుడు ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మడి వైపు చూస్తూ ఉండిపోయింది. షెడ్డులో ఎవరో పళ్ళేలు కడుగుతున్నారు.

"మా ఆయన పోయినాడు సార్," అంది. రెండేళ్ళలో ఆ మాట ఆమె తన నోటితో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, ఊరందరికీ తెలుసు గనక.

సుధాకర్ రాసుకుని చివరి గడికి వచ్చాడు.

"ఈ తోట నుంచి మీకేం కావాలి?"

"ఏడుపు రావాల సార్," అంది నూర్జాన్.