నడుము పైన దేవుడిది

మా సంఘంలో నాట్యానికి ఒక సరిహద్దు ఉంది. అది నడుము. నడుము పైన ఉన్న చేతులు, మెడ, కళ్ళు దేవుణ్ణి స్తుతించవచ్చు. నడుము కింద ఏది కదిలినా అది లోకం. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గానీ, అరకు కొండల మీద మా చిన్న చర్చిలో పెరిగిన ఏ పిల్లకైనా తెలుసు. సండే స్కూలు యాక్షన్ సాంగుల్లో చేతులతో సూర్యుణ్ణి ఉదయింపజేసేవాళ్ళం, సముద్రాన్ని రెండు పాయలు చేసేవాళ్ళం. కాళ్ళు మాత్రం గచ్చుకు అతికించినట్టు ఉండేవి. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. క్రిస్మస్‌కి మొదటి వరస మధ్యలో నిలబడేది నేనే.

అలాంటి నేను విశాఖపట్నం వెళ్ళి యూనివర్సిటీలో చేరాను. యువజనోత్సవాలకు జానపద నృత్యం కట్టాలని సాంస్కృతిక విభాగం చూసే మేడమ్ పిల్లల్ని పోగుచేసింది.

"నీది ఏ ఊరు?"

"అరకు, మేడమ్."

"అయితే థింసా నువ్వే లీడ్ చేస్తున్నావు."

వచ్చా రాదా అని అడగలేదు. చేపను ఈత వచ్చా అని ఎవరడుగుతారు?

మా కొండల ఆదివాసుల ఆట థింసా నాకు రాదు. చైత్రమాసపు పండగకు ఊళ్ళో డప్పు మోగితే మా ఇంట్లో తలుపులు మూసి నాన్న గట్టిగా కీర్తన ఎత్తుకునేవాడు. థింసా ఆడిన విశ్వాసిని ప్రభువు బల్లకు, అంటే రొట్టె పంచుకునే సంస్కారానికి, దూరం పెడతారు. బయటివాళ్ళకు ఇది చిన్న శిక్షలా కనిపించవచ్చు. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం వరస వెంబడి వస్తుంది. వచ్చి, నీ దగ్గర ఆగకుండా పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. సంఘమంతా చూస్తుంది. మా చిన్నాన్నకు ఒకసారి అలా జరిగింది. అరచేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆయన కూర్చున్న తీరు నేను మరిచిపోలేదు. ఆ పళ్ళెం నన్ను దాటిపోయే రోజు వస్తే ఎలా బతుకుతానా అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

మరి ఎందుకు ఒప్పుకున్నానంటే, ఆ 'లీడ్' అన్న మాటకు. పట్నం పిల్లలు ఏడుగురు నా వెనక అడుగులు వేస్తారు! ఒప్పుకున్నాక బైబిల్లో వాక్యం వెతుక్కున్నాను. దేవుడి మందసం ముందు ఆనందంతో గంతులేసిన రాజు దొరికాడు. ఆయన్ని కిటికీలోంచి చూసి ఈసడించుకున్న రాణి కూడా దొరికింది. ఆ కిటికీలో మా పాస్టరు అయ్యగారిని నిలబెట్టి ధైర్యం తెచ్చుకున్నాను. వాక్యం బాగా తెలిసినవాళ్ళకు ఉండే సౌకర్యమే ఇది.

థింసా ఫోనులో చూసి, హాస్టల్ బాత్రూములో సాధన చేశాను. ఆ ఆటలో ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా నిలబడతారు. చేతులకు పని లేదు. పనంతా కాళ్ళది. అంటే నాకొచ్చింది అక్కడ అక్కర్లేదు, అక్కడ కావలసింది నాకు రాదు.

"ముందు కుడి కాలా, ఎడమ కాలా?" అని పిల్లలు అడిగేవారు.

"మా ఊళ్ళో రెండూ వేస్తారు" అనేదాన్ని గంభీరంగా. వాళ్ళు తలలూపేవారు. చివరికి, "నేనేం చేస్తే మీరూ అదే చెయ్యండి" అని చెప్పి చేతులు దులుపుకున్నాను.

ప్రదర్శన రోజు మోకాళ్ళ దాకా చీరలు కట్టుకుని, పూసల దండలు వేసుకుని వేదిక ఎక్కాం. స్పీకర్లలో డప్పు మొదలైంది. మొదటి చుట్టు ఎలాగో గడిచింది. రెండో చుట్టులో దరువు పెరిగింది, నా కాళ్ళు తప్పాయి. గొలుసు కొసన ఉన్నదాన్ని కాబట్టి నాకొక చెయ్యి ఖాళీగా ఉంది. కాళ్ళు దారి తప్పేసరికి ఆ చెయ్యి తనకొచ్చిన పని చేసింది. పైకి లేచి, వేళ్ళు విప్పి, సూర్యుణ్ణి ఉదయింపజేసింది. వెంటనే గొలుసు తెంచుకుని పట్నం పిల్లలు ఏడుగురూ చేతులెత్తారు. వేదిక నిండా సూర్యుళ్ళు. ఇక వెనక్కి తగ్గే దారి లేక సముద్రాన్ని పాయలు చేశాను. వాళ్ళూ చేశారు. ఆఖరి మలుపులో నా కాలు నేనే తొక్కుకుని చతికిలపడ్డాను. ఏడుగురూ చక్కగా నా పక్కన కూర్చున్నారు. హాలంతా ఈలలు.

మాకు రెండో బహుమతి వచ్చింది. జానపద కళల్లో పండితుడైన న్యాయనిర్ణేత మైకు తీసుకున్నాడు. "ఆ చేతులెత్తడం ఆదివాసుల సూర్యారాధన. చివర్లో కూర్చోవడం నేలతల్లికి వందనం. ఇంత స్వచ్ఛమైన థింసాను వేదిక మీద చూడటం నాకిదే మొదలు" అన్నాడు. నేను వినయంగా నమస్కారం పెట్టాను.

హాలులో ఎవరో తీసిన వీడియో నాకంటే ముందే మా కొండ ఎక్కింది. సెలవుకు ఊరెళ్ళిన ఆదివారం, ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను ఉండమన్నారు. మా మామ్మనూ ఉంచారు. ఆయనది విజయనగరం వైపు మైదానం. థింసా అడుగులు ఆయనకు తెలియవు. మామ్మ బాప్తిస్మానికి ముందు ఆడిన మనిషి. ఇంట్లో ఆ మాట ఏనాడూ ఎత్తలేదు.

అయ్యగారు ఫోను ఆమె చేతికిచ్చారు. "చూసి చెప్పమ్మా. ఇది థింసాయేనా?"

మామ్మ ఫోను ముక్కుకు తగిలేటట్టు పెట్టుకుంది. "ఈ గుంట కాలు ఇరిగిందేటి, అయ్యగారూ?"

"లేదు, ఆడుతోంది."

"ఇదా ఆట! మడిలో దిగబడిపోయిన గేదె ఇలాగే ఎత్తుద్ది కాళ్ళు."

"అయితే థింసా కాదంటావా?"

"థింసాలో సేతులు ఇడిసేత్తారేటి ఎవులైనా? ఈ సేతులు మన కిస్మస్ పాటవి. నువ్వు నేర్పినవే."

అయ్యగారు ఫోను తీసుకుని మళ్ళీ చూశారు. సూర్యుడు ఉదయించాడు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి, "చేతులు మన సండే స్కూలువి. కాళ్ళు థింసావి కావు. ఇక నిన్ను దేనికి బల్లకు దూరం పెట్టాలమ్మా?" అన్నారు.

స్తోత్రం చెప్పి ఇంటికి రావలసిన చోటు అది. నా నోరు ఊరుకోలేదు.

"నేను ఆడింది థింసాయే, అయ్యగారూ. రెండో బహుమతి కూడా ఇచ్చారు."

"నోరు ముయ్యే!" అంది మామ్మ. "ఇడిసిపెడతంటే ఇనవేటి? బేగి పద ఇంటికి."

అయ్యగారు మాత్రం నవ్వు ఆపి నావైపు చూశారు. "థింసా ఆడాలనే ఆడావా?"

"ఆడాలనే."

తలపులో చేసిన పాపం కూడా చేసినట్టేనని మాకు నేర్పింది ఆయనే. అది గుర్తొచ్చింది. పళ్ళెం నన్ను దాటిపోవడం కళ్ళకు కట్టింది.

"మరి ఆ చేతులు ఎవరికెత్తావు?"

దేవుడికని చెప్పవచ్చు. అబద్ధం అవుతుంది. "ఎవరికీ కాదు. భయమేసి ఎత్తాను."

ఆయన ఫోను జేబులో వేసుకున్నారు. "మేమందరం ఎత్తేదీ సగంసార్లు అందుకే. వచ్చే ఆదివారం బల్లకు రా."

వచ్చే ఆదివారం వెళ్ళాను. పళ్ళెం నా ముందు ఆగింది. రొట్టె తీసుకుని కళ్ళు మూసుకున్నాను. సిలువను తలచుకోవాలి. నా తలపులోకి వచ్చింది మాత్రం, ఎంత చెడ్డా నా ఆట మరీ గేదెలా ఉందా అన్న ప్రశ్న. రొట్టె నోట్లో ఉండగానే దానికీ క్షమాపణ అడిగాను.