తయ్యబా ఎక్కిన కొండ

రాయచోటి తయ్యబా మస్కట్ పోయింది 1988లో. మొగుడు ఇంకొకతెను చేసుకుని బెంగళూరు చేరాక, అక్క సర్వరీ బేగం ఇంట్లో ఎన్నాళ్లని కూచుంటుంది? అక్కడ దిగగానే, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అర్బాబు, ఆమె పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుని, హమ్రియా అనే పేట దాటాక కొండ కింద కాపురమున్న ఒక జపాను ఇంజనీరు ఇంట్లో వంటకు కుదిర్చాడు.

ఇంజనీరు భార్య చియో. పిల్లల్లేరు. శుక్రవారం వస్తే చాలు, ఎండ ముదరకముందే బూట్లు వేసుకుని ఇంటి వెనక కొండెక్కేది. ఒంటరిగా పోవద్దని భర్త గట్టిగా చెప్పడంతో తయ్యబాను తోడు పిలిచింది. వాళ్ల మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులు.

"పైన ఏముంది మేడం?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి ఎక్కేది దేనికి?"

చియో నవ్వి ముందుకు నడిచింది. తయ్యబా నీళ్ల కోసం నడిచిన మనిషి, కట్టెల కోసం నడిచిన మనిషి. మనోవర్తి కోసం కోర్టు చుట్టూ తిరిగింది. ఊరికే నడవడమనేది ఒకటుందని ఆమెకు తెలీదు. మొదటిసారి సగం దారిలో చెప్పు తెగి, తిట్టుకుంటూ దిగింది. చియో తన పాత బూట్లిచ్చింది. ముందర గుడ్డ కుక్కితే సరిపోయాయి.

కొన్నాళ్లకు శుక్రవారం కోసం తయ్యబాయే ఎదురుచూసేది. పైకెక్కితే దూరంగా సముద్రం కనబడేది. అక్కడికొచ్చి ఎవరూ ఆమెను పిలవరు. ఏ పనీ చెప్పరు.

అక్కడ కూచుని చియో తన ఊరి కొండ సంగతి చెప్పేది. దాని పేరు హయచినె.

"అదీ ఇట్లాంటి రాయే. నల్లగా, పచ్చగా. తడిస్తే జారుతుంది. కానీ వేసవిలో ఆ రాళ్ల సందుల్లో తెల్లపూలు పూస్తాయి, ఒంటినిండా నూగుతో. ఆ పువ్వు ఇంకే కొండ మీదా లేదు. దాన్ని చూడ్డానికే జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఎక్కుతారు."

"ఈ మొండిరాయికి పూలా?"

"తీసుకుపోతాలే. నువ్వే చూద్దువు."

తయ్యబా ఆ మాట నమ్మింది.

1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ యుద్ధానికొచ్చింది. ఇంజనీరు కంపెనీ భయపడి ఉద్యోగుల భార్యలను స్వదేశాలకు పంపేసింది. "గొడవ చల్లారగానే వస్తా" అని చియో ఆమె చేతులు పట్టుకుని మరీ చెప్పింది. గొడవ చల్లారింది. ఆమె రాలేదు. మరుసటేడు ఇంజనీరూ వెళ్లిపోయాడు. అర్బాబు తయ్యబాను అల్ హైల్‌లో ఒక పెద్ద కుటుంబానికి అప్పగించాడు. శుక్రవారమే అక్కడ చుట్టాలొచ్చే రోజు. గేటు దాటే పనే లేదు.

రెండేళ్లు పోయాక, కంపెనీ డ్రైవరు బాబు మియా కబురు తెచ్చాడు. ఇతనిదీ కడప జిల్లానే.

"ఆపా, మీ జపాన్ సాబ్ వచ్చినాడు. హోటల్లో ఉండాడు, రేపు పోతాడంట."

పంటి నొప్పని అబద్ధం చెప్పి, అతని బండిలో పోయింది. ఇంజనీరు లేచి నిలబడి మర్యాదగా పలకరించాడు.

"మేడం బాగుండారా సాబ్?"

"బాగుంది. ప్రతి వేసవీ కొండెక్కుతుంది."

"నన్ను ఎప్పుడన్నా అడిగిందా?"

అతను చిరునవ్వు నవ్వాడు. "ఇప్పుడు ఏ ఇంట్లో పనిచేస్తున్నావు?" అన్నాడు.

తిరిగొస్తూ హమ్రియా దగ్గర, పాత ఇంటి వెనక కొండ కింద బండి ఆపించింది.

"ఎండ చూడు ఆపా!"

"ఇట్ల పోయి అట్ల వస్తా భయ్యా."

రబ్బరు చెప్పులతోనే ఎక్కింది. పైన ఎంతసేపు కూచుందో తెలీదు. దిగేటప్పుడు గులకరాళ్ల మీద కాలు జారి మడమ విరిగింది. కేక విని బాబు మియా పరుగెత్తి, వీపున వేసుకుని దించాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. అబద్ధం బయటపడింది. కట్టు విప్పీ విప్పకముందే పనిలోకి దిగమన్నారు. కుంటుతూ పళ్లేలు జారవిడుస్తుంటే, వీసా రద్దు చేయించి విమానమెక్కించారు.

రాయచోటిలో అందరిదీ ఒకటే ప్రశ్న.

"దేనికే ఆ కొండెక్కినావు?" అని సర్వరీ బేగం రోజూ అడిగేది. తయ్యబా ఆమె కుట్టుమిషను పక్కన కూచుని కాజాలు కుట్టేది. మసీదు వీధి దాటి పోవడం మానేసింది.

ఒకసారి అక్క బలవంతంగా కడపకు తీసుకుపోయింది. డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి, ఎముక వంకరగా అతుక్కుంది, మళ్లీ విరగ్గొట్టి సరిచేస్తే నడక కుదురుతుందన్నాడు.

తయ్యబా చీరకుచ్చిళ్లు కాలి మీదికి లాక్కుంది.

"వద్దులే సార్. బాగుచేసి ఎక్కడికి నడవాల?"